సైమన్ గో బ్యాక్ సరే, ఇంతకీ ఎవరీ సైమన్?

స్కూల్లో సైమన్ కమిషన్ గురించి చదివాం, నినాదమూ నోటికొచ్చు. మనిషి గురించి మాత్రం పాఠంలో ఒక్క ముక్క లేదు.

జాన్ సైమన్ 1873లో మాంచెస్టర్‌లో ఓ పాస్టర్ ఇంట పుట్టాడు. 1899లో బారిస్టరయ్యాడు. 1906లో లిబరల్ ఎంపీ, 1910లో సొలిసిటర్ జనరల్, తర్వాత అటార్నీ జనరల్. 1915లో హోం మంత్రయ్యాడు. యువకుల్ని బలవంతంగా సైన్యంలో చేర్చడం నచ్చక 1916 జనవరిలో రాజీనామా చేశాడు. ఆ పట్టుదల మళ్లీ ఆయనలో పెద్దగా కనిపించదు.

1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం పదేళ్లకు భారత పాలనను సమీక్షించాలి. లేబర్ పార్టీ గెలిస్తే సభ్యుల ఎంపిక వాళ్ల చేతికి పోతుందని భారత వ్యవహారాల మంత్రి బిర్కెన్‌హెడ్ రెండేళ్ల ముందే, 1927లో, సైమన్ అధ్యక్షతన కమిషన్ వేయించాడు. ఆయనా లాయరే, ఆక్స్‌ఫర్డ్‌లో సైమన్‌తో ఒకే కాలేజీ. ఏడుగురు సభ్యులూ బ్రిటిష్ ఎంపీలు, లార్డులే, ఒక్క భారతీయుడూ లేడు. కక్షిదారును గేటు బయట నిలబెట్టి వాదనలు వినడమన్నమాట! అంత పేరున్న బారిస్టర్‌కి ఇది తప్పని తట్టలేదంటే నమ్మడం కష్టం. లక్షణమైన ప్రాక్టీసు వదులుకుని మరీ ఒప్పుకున్నాడు.

1928 ఫిబ్రవరి 3న కమిషన్ బొంబాయిలో దిగింది. అదే రోజు మద్రాసు హర్తాళ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయిన మనిషిని చూడ్డానికి టంగుటూరి ప్రకాశం వెళ్తుంటే పోలీసులు తుపాకులు అడ్డం పెట్టారు. ప్రకాశం చొక్కా తెరిచి కాల్చమన్నారు. ఆయన ఎదిరించింది సైమన్‌నే అనుకుంటారు చాలామంది. సైమన్ అప్పుడు మద్రాసులోనే లేడు. ప్రకాశం కూడా లండన్‌లో చదివిన బారిస్టరే, ప్రాక్టీసు వదిలేసినవారే. వదిలింది మాత్రం స్వరాజ్యం కోసం.

1930లో రిపోర్టు వచ్చేసరికే దాని విలువ పోయింది. డొమినియన్ హోదా (బ్రిటిష్ సామ్రాజ్యంలో ఉంటూనే స్వపరిపాలన) లక్ష్యమని వైస్రాయ్ ఇర్విన్ అంతకుముందే ప్రకటించాడు, రిపోర్టులో ఆ ఊసే లేదు. అయినా రాష్ట్రాల స్వయంపాలన, బర్మా వేర్పాటు లాంటి సూచనలు 1935 భారత ప్రభుత్వ చట్టంలోకి ఎక్కాయి.

సైమన్ కెరీర్‌కి మాత్రం ఢోకా రాలేదు. విదేశాంగ మంత్రి, మళ్లీ హోం, 1937లో ఆర్థిక మంత్రి, 1940లో లార్డ్ చాన్సలర్. ప్రధాని పదవి ఒక్కటే దక్కలేదు. అది 1945లో కమిషన్‌లో ఆయన కింద పనిచేసిన అట్లీకి దక్కింది. 1947లో భారత స్వాతంత్ర్య చట్టం తెచ్చింది ఆ అట్లీ ప్రభుత్వమే.