కోడుకో మంచినీళ్ల చెరువు

భీమవరంలోనో అమలాపురంలోనో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబు అనుకోండి. అరవై మంది ఒకేసారి 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించే కమాండ్) కొడతారు. అందరికీ కావాల్సినవి అవే ప్యాకేజీలు, అయినా ఒక్కోటీ అరవై సార్లు బయటినుంచి దిగుతుంది. డాకర్ ఇమేజీలతో (ప్రోగ్రామును దాని సరంజామాతో సహా కట్టిన మూటలు) ఇబ్బంది ఇంకా ముదురు. లాగిన్ కానివాళ్లకు ఐపీ చిరునామా ఒక్కింటికి 6 గంటల్లో 100 డౌన్‌లోడ్లే అని, ఆ ఇమేజీలు దొరికే డాకర్ హబ్ 2020 నవంబరులో హద్దు గీసింది. కాలేజీ మొత్తం ఒకే చిరునామాతో బయటికెళ్తుంది. ఇక ఆ వంద ఎంతసేపు వస్తాయి?

దీనికి మందు డెల్టావాళ్లకు ఎప్పుడో తెలుసు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు వేసవిలో కట్టేస్తారు గనక ముందే ఊరి చెరువు నింపుకుంటాం. తాగేది గోదారి నీళ్లే, ముంచుకునేది చెరువులో. నెక్సస్ లాంటి ఆర్టిఫాక్ట్ రిపాజిటరీ సర్వర్‌లో (ప్యాకేజీలు, ఇమేజీలు దాచి పంచే సాఫ్ట్‌వేర్) 'ప్రాక్సీ' రిపాజిటరీ చేసేదీ ఇంతే. మొదటివాడు అడిగినప్పుడు బయటినుంచి తెచ్చి ఒక కాపీ ఉంచుకుంటుంది, రెండోవాడికి ఇక్కడినుంచే ఇస్తుంది. 2016 మార్చి 22న 'లెఫ్ట్-ప్యాడ్' అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయనే ఎన్‌పీఎం నుంచి తీసేస్తే దాన్ని వాడే ప్రోగ్రాముల బిల్డులు ఎక్కడెక్కడో పడిపోయాయి. అప్పటికే చెరువు నింపుకున్నవాళ్లకు కనీసం ఆ ఫైలు చేతిలో ఉంది.

చెరువు 'లేదు' అనే మాటను కూడా నిల్వ చేస్తుంది. ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడే. పక్క టీమువాళ్లు లైబ్రరీని 10 గంటలకు విడుదల చేస్తే, 9:50కే ఎవరో అడిగి ఉంటారు. దొరకలేదన్న ఆ జవాబు, సెట్టింగు మార్చకపోతే 1440 నిమిషాలు, అంటే రేపటిదాకా, అలాగే ఉంటుంది. రిపాజిటరీ పేజీలో 'ఇన్‌వాలిడేట్ క్యాష్' నొక్కితే వదులుతుంది.

ఇక నెక్సస్‌ను డాకర్‌లో నడిపే సంగతి. ఇమేజి పేరు సోనాటైప్/నెక్సస్3, పోర్టు 8081, డేటా అంతా లోపల 'నెక్సస్-డేటా' ఫోల్డరులో. కంటైనర్ (ఇమేజి నుంచి లేపి నడిపేది) అంటే చెరువుగట్టు మీది మోటారు షెడ్డు, వాల్యూమ్ (డేటా ఉండే చోటు) అంటే చెరువు. షెడ్డు ఎన్నిసార్లయినా పీకి కట్టుకోవచ్చు. వాల్యూమ్‌కు మీరు పేరు పెట్టకపోతే డాకరే పేరులేనిదొకటి తవ్వేస్తుంది. రేపు కంటైనర్ తీసి కొత్తది లేపితే అది పాతదానివైపు చూడదు, ఇంకో ఖాళీ చెరువు తవ్వుకుంటుంది. పాతది డిస్కు మీదే పడి ఉంటుంది, ఎవరో వాడనివి తుడిచే 'వాల్యూమ్ ప్రూన్' కొట్టేదాకా. వాల్యూమ్ బదులు హోస్టు ఫోల్డరు తగిలిస్తే దాని యాజమాన్యం యూజర్ సంఖ్య 200కి మార్చాలి. మార్చకపోతే నెక్సస్ లోపల ఏమీ రాయలేక మొదలవగానే పడిపోతుంది.

మెమరీ లెక్క జాగ్రత్త. నెక్సస్ జావాలో నడుస్తుంది. జావా హీపుకు (అది వాడుకునే ప్రధాన మెమరీ) 2703 ఎంబీ, హీపు బయటి డైరెక్ట్ మెమరీకి పైపరిమితిగా ఇంకో 2703 ఎంబీ మామూలుగా పెట్టి ఉంటాయి. కంటైనర్‌కు 2 జీబీ హద్దు పెట్టారంటే కర్నెల్ దాన్ని చంపేస్తుంది, ఎగ్జిట్ కోడ్ 137. అంటే 128కి 9 కలిపినది, ఆ 9 'కిల్' సిగ్నల్ సంఖ్య. రీస్టార్ట్ పాలసీ 'ఆల్వేస్' అయితే చావడం, లేవడం, మళ్లీ చావడం. 8 జీబీ యంత్రం ఉంటే నిశ్చింత.

అసలు గండం ఆపేటప్పుడు. 'డాకర్ స్టాప్' 10 సెకన్లు ఆగి, ఆ తర్వాత మెడ పట్టి గెంటేస్తుంది. లోపల డేటాబేసు ఇంకా రాస్తూనే ఉండొచ్చు. అందుకే కంటైనర్ తయారుచేసేటప్పుడే 'స్టాప్-టైమౌట్' 120 అని ఇవ్వాలి, డాకర్ కంపోజ్ ఫైల్లో అయితే 'స్టాప్ గ్రేస్ పీరియడ్'. తుపాను రోజున కరెంటు పోయి యూపీఎస్ కూతపెట్టినప్పుడు పనికొచ్చేది ఈ రెండు నిమిషాలే. ఆయుధపూజకు సర్వర్‌కు బొట్టు పెట్టి నిమ్మకాయ కోయడం మానక్కర్లేదు, ఆ అంకె కూడా రాసుకుంటే సరి.

మొదటి అడ్మిన్ పాస్‌వర్డ్ 'అడ్మిన్ డాట్ పాస్‌వర్డ్' అనే ఫైల్లో ఉంటుంది. మొదటిసారి లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, కంగారుపడి మళ్లీ ఆపొద్దు. 'లేటెస్ట్' ట్యాగు వాడకండి. నెక్సస్ తన పాత ఓరియంట్‌డీబీ డేటాబేసును 3.70 వరుస దాకానే చదువుతుంది, 3.71 చదవదు. పాత డేటా మీద లేటెస్ట్ లాగారంటే సర్వర్ లేవదు. ముందు 3.70లో హెచ్2 అనే డేటాబేసుకు మార్చుకుని ఆ తర్వాతే పైకెళ్లాలి. డాకర్ ఇమేజీలకు 8082 లాంటి ఇంకో పోర్టు పెట్టుకునేట్టయితే ముందే తెరవండి. కంటైనర్ పుట్టినప్పుడు తెరవని పోర్టు తర్వాత తెరుచుకోదు, షెడ్డు మళ్లీ కట్టాల్సిందే. వాల్యూమ్‌కు పేరుంటే అది ఐదు నిమిషాల పని.

పాత స్నాప్‌షాట్లు (విడుదలకు ముందటి తాత్కాలిక వెర్షన్లు) చెరిపినా డిస్కు ఒక్క ఎంబీ తగ్గదని కొందరి ఫిర్యాదు. నెక్సస్‌లో చెరపడమంటే చెరిపినట్టు గుర్తు పెట్టడమే, ఫైలు బ్లాబ్ స్టోర్‌లోనే (అసలు ఫైళ్లు ఉండే చోటు) ఉంటుంది. పూడిక తీసేది 'కాంపాక్ట్ బ్లాబ్ స్టోర్' అనే పని. క్లీనప్ పాలసీ రాసి, ఈ పనిని వారానికోసారి అర్ధరాత్రి తర్వాత నడిచేలా షెడ్యూలు చేస్తే జాగా తిరిగి వస్తుంది. బ్యాకప్ తీసేటప్పుడు డేటాబేసూ బ్లాబ్ స్టోరూ కలిపే తీయండి. నడుస్తున్న హెచ్2 ఫైలును నేరుగా కాపీ కొట్టకుండా, నెక్సస్‌లోనే ఉన్న బ్యాకప్ పనితో తీయాలి.