సైగల భాష సబ్జెక్టుగా: అపోహలు - వాస్తవాలు

హైస్కూలు పిల్లలకు భారతీయ సైగల భాష నేర్పుతాను. తల్లిదండ్రులు తరచూ అనే మాటలివి.

అపోహ: ఇది భాషేంటి, చేతులతో అభినయమే కదా!

వాస్తవం: దీనికి సొంత వ్యాకరణం ఉంది. కర్త, కర్మ, క్రియ వరస తెలుగులాంటిదే. ప్రశ్న పదం చివర్లో వస్తుంది, మనం 'నీ పేరేంటి' అన్నట్టే. అందుకే మన పిల్లలకు వాక్యం తొందరగా పట్టుబడుతుంది. కష్టమంతా ముఖం దగ్గరే. నువ్వు, తినడం, అయిపోవడం... ఈ మూడు సైగలూ వరసగా చేస్తే 'నువ్వు తిన్నావు' అని చెప్పినట్టు. అవే సైగలు చేస్తూ కనుబొమలు పైకెత్తి, తల కాస్త ముందుకు వంచితే 'తిన్నావా?' అని అడిగినట్టు. చేతుల్లో ఏ తేడా ఉండదు. కొత్తవాళ్లు ముఖం బిగబట్టి చేతులు మాత్రమే కదుపుతారు. అడిగారో, చెప్పారో ఎదుటివాళ్లకు తెలియదు.

అపోహ: ప్రపంచమంతా ఒకే సైగల భాష.

వాస్తవం: ఇంగ్లిష్ మాట్లాడే అమెరికా, బ్రిటన్‌లలోనే రెండు వేర్వేరు సైగల భాషలున్నాయి. అమెరికన్ అక్షరమాల ఒక చేత్తో చూపిస్తారు, మనది రెండు చేతులతో. యూట్యూబ్‌లో అమెరికన్ వీడియోలు చూసి నేర్చుకోకండి. భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో తెచ్చిన నిఘంటువులో 10,000 పదాలున్నాయి, అవి చూడండి.

అపోహ: పరీక్షకు పనికిరాదు.

వాస్తవం: జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్‌)లో 2021 నుంచి ఇది సెకండరీ స్థాయి భాషా సబ్జెక్టు.

అపోహ: సైగలు నేర్పితే బధిర పిల్లలకు మాట రాదు.

వాస్తవం: ఈ నమ్మకం చేసిన నష్టం చిన్నది కాదు. 1880లో మిలాన్‌లో జరిగిన ఉపాధ్యాయుల సభ, బడుల్లో నోటి మాటతోనే చదువు చెప్పాలని తీర్మానించింది. బధిర టీచర్ల ఉద్యోగాలు పోయాయి. పిల్లల చేతులు కట్టేసిన బడులూ ఉన్నాయి. నిజానికి చిన్నప్పుడే ఏదో ఒక భాష పూర్తిగా అందకపోతేనే పిల్లల చదువు, ఆలోచన దెబ్బతింటాయి. సైగలు మాటకు అడ్డు రావు.

అపోహ: సైగలు వస్తే చాలు, బధిరుల సంస్కృతి ఎందుకు?

వాస్తవం: బధిరులను పిలవాలంటే భుజం తట్టాలి, లేదా లైటు ఆర్పి వెలిగించాలి. ఎదుటివాళ్లు చెబుతుండగా చూపు తిప్పుకోవడమంటే మధ్యలో వినడం మానేయడమే. మీ సైగ పేరు (పేరుకు బదులు మిమ్మల్ని సూచించే సైగ) మీరు పెట్టుకోకూడదు, బధిరులే పెడతారు. ఇవన్నీ బధిరుల మధ్య ఉంటేనే వస్తాయి. కాబట్టి మీ స్కూల్లో ఈ సబ్జెక్టు మొదలుపెడుతుంటే బధిర టీచర్ కావాలని గట్టిగా అడగండి. ఆ టీచర్‌తో మాట్లాడటానికి ఇంటర్‌ప్రిటర్ ఉన్నా, మీరు చూడాల్సింది టీచర్ వైపే.