ఫార్మాట్ నొక్కకముందు: బ్యాకప్ డ్రైవ్‌ల గురించి అపోహలు – వాస్తవాలు

కర్నూలులో కంప్యూటర్ సర్వీసింగ్ చేస్తాను. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు పాత డ్రైవ్‌లోని ఫొటోలు, పెళ్లి వీడియోలు, షాపు లెక్కలు అందులోకి ఎక్కించుకుందామని కూర్చుంటారు. కాపీ మధ్యలో ఆగిపోతుంది, లేదా అసలు డ్రైవే తెరుచుకోదు. అప్పుడు నా దగ్గరికి తెస్తారు. డోన్, ఆదోని, ఆత్మకూరు నుంచి కూడా వస్తుంటారు. నిజంగా చెడిపోయి వచ్చిన డ్రైవ్‌ని చూస్తే అంత బాధ ఉండదు. చిన్న ఇబ్బందితో మొదలై, ఇంట్లో తెలిసినంతలో బాగుచేయబోయి పెద్దదిగా మారిన కేసులే మనసుకు కష్టంగా ఉంటాయి. ఫైళ్లు రావడం లేదంటే ఫైళ్లు పోయాయని కాదు. చాలాసార్లు అవి పోయేది ఆ తర్వాత మనం నొక్కే బటన్ వల్లనే.

కాబట్టి కింద ఏ అపోహ చదివినా ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇబ్బంది పెడుతున్న డ్రైవ్ నుంచి చదవొచ్చు, దాని మీద మాత్రం ఏమీ రాయకూడదు. ఫార్మాట్, రిపేర్, డిలీట్, అదే డ్రైవ్‌లోకి కొత్త ఫైల్ వేయడం, ఇవన్నీ రాతలే.

అపోహ: "ఫార్మాట్ చేయమని విండోసే అడుగుతోంది కదా, చేస్తే బాగవుతుంది."

ఫోన్‌లో ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. "అన్నా, డ్రైవ్ పెడితే ఫార్మాట్ కొట్టమంటాంది, కొట్టేదా?" వద్దు. క్యాన్సిల్ కొట్టి, డ్రైవ్ తీసి పక్కన పెట్టండి.

ఆ మెసేజ్ చెప్పేది ఒక్కటే: ఈ డిస్క్ మీద ఉన్నది విండోస్‌కి చదవడం రావడం లేదు. దానికి కారణాలు చాలా ఉంటాయి. బెంగళూరులో ఉద్యోగం చేసే అబ్బాయి తన మ్యాక్‌లో వాడిన డ్రైవ్‌ని పండక్కి ఇంటికి తెచ్చి నాన్న ల్యాప్‌టాప్‌కి పెడతాడు. డిస్క్ మీద ఫైళ్లను అమర్చడానికి మ్యాక్ వాడే ఏపీఎఫ్‌ఎస్, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతులు విండోస్‌కి తెలియవు. డేటా అంతా భద్రంగానే ఉంటుంది, మళ్లీ మ్యాక్‌కి పెడితే కనబడుతుంది. షాపు సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ డబ్బా) నుంచి తీసిన హార్డ్ డిస్క్ కూడా అంతే. ఆ డబ్బాలు చాలావరకు తమ సొంత పద్ధతిలో రాస్తాయి కాబట్టి వాటిని ల్యాప్‌టాప్‌కి పెట్టగానే ఇదే ప్రశ్న వస్తుంది. ఇక మూడో రకం: కాపీ జరుగుతుండగా కేబుల్ లాగేశారు, డిస్క్ మీద ఫైళ్ల జాబితా ఉండే భాగం దెబ్బతింది. అప్పుడు విండోస్‌లో డ్రైవ్‌ల జాబితా చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డ్రైవ్ ఎదురుగా 'రా' (RAW) అని ఇంగ్లిష్‌లో చూపిస్తుంది. ఇక్కడ కూడా ఫైళ్లు చాలావరకు లోపలే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తీయొచ్చు.

పొరపాటున ఫార్మాట్ కొట్టేశారా? ఏ రకం ఫార్మాట్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. క్విక్ ఫార్మాట్ ఫైళ్ల జాబితాను మాత్రమే కొత్తగా రాస్తుంది, హార్డ్ డిస్క్ అయితే పాత డేటా కింద అలాగే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ ఎదురుగా ఉన్న టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ నడిపిస్తే, విండోస్ విస్టా నుంచి డిస్క్ మొత్తం మీద సున్నాలు రాసుకుంటూ పోతుంది. అది పూర్తయ్యాక తీయడానికి ఏమీ మిగలదు. మధ్యలో ఆపినా, ఆపినంత మేర పోయినట్టే. క్విక్ ఫార్మాట్ అయిన డ్రైవ్‌లోకి రికవరీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం, దొరికిన ఫైళ్లను మళ్లీ అందులోకే సేవ్ చేయడం రెండూ ప్రమాదమే. తీసిన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి వెళ్లాలి.

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే 'ఇనిషియలైజ్ డిస్క్' అని అడిగినా క్యాన్సిలే కొట్టండి, అదీ రాతే.

అపోహ: "చెక్ డిస్క్ నడిపితే డిస్క్ బాగవుతుంది, ఆ తర్వాత హాయిగా కాపీ చేసుకోవచ్చు."

వీడియోల్లో ఎక్కువగా చెప్పే సలహా ఇది. వరస తిరగేసి చెబుతున్నారు. ముందు కాపీ, తర్వాత రిపేరు.

చెక్ డిస్క్ అంటే విండోస్‌లోనే ఉండే రిపేరు ప్రోగ్రామ్. దాని పని మీ ఫైళ్లను కాపాడటం కాదు. ఫైల్ సిస్టమ్ లెక్క, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే జాబితా సరిపోయేలా చూడటం దాని పని. లెక్క కుదరని చోట తెంపేస్తుంది. తెగిన ముక్కలను 'ఫౌండ్.000' అనే ఫోల్డర్‌లో పేర్లు లేకుండా పడేస్తుంది. మీ పాప మొదటి పుట్టినరోజు ఫొటో ఏ ముక్కలో ఉందో వెతుక్కోవడం మీ పని. పైగా డిస్క్ లోపల డేటా రాసి ఉండే గుండ్రటి పళ్లెమే అరిగి ఉంటే, చెక్ డిస్క్‌ని 'ఆర్' (/R) ఆప్షన్‌తో నడిపినప్పుడు మొత్తం డిస్క్‌ను అంగుళం వదలకుండా చదివిస్తుంది. నీరసంగా ఉన్న డిస్క్ గంటల తరబడి ఆ పనిలోనే ఆఖరి ఓపిక ఖర్చు చేసేస్తుంది. డ్రైవ్ పెట్టగానే 'స్కాన్ అండ్ ఫిక్స్' అని అడిగినా, ఫోల్డర్లు తెరుచుకుంటున్నంత వరకు ముందు కాపీ చేసుకోండి.

డిస్క్ ఆరోగ్యం చూడాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో రీఅలొకేటెడ్, పెండింగ్, అన్‌కరెక్టబుల్ అనే మూడు వరసలు డిస్క్ మీద చెడిన, చదవలేని చోట్ల లెక్క చెబుతాయి. వాటి చివర ఉండే 'రా వాల్యూస్' (Raw Values) సున్నా కాకపోతే జాగ్రత్తపడాలి. పెరుగుతూ పోతుంటే ఆ రోజే డేటా తీసేయాలి. కొన్ని యూఎస్‌బీ పెట్టెలు ఈ వివరాలను బయటికి రానివ్వవు. ఏమీ కనబడలేదంటే అంతా బాగుందని అనుకోకండి.

నీరసపడిన డిస్క్ నుంచి కాపీ చేసేటప్పుడు 'సెలెక్ట్ ఆల్' కొట్టకండి. ముందు సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్‌లు, ఫొటోలు తీసుకోండి. తర్వాత పెద్ద వీడియోలు. మళ్లీ ఎక్కడైనా దొరికే సినిమాలు ఆఖర్న. మామూలు కాపీ చదవలేని చోటు రాగానే అక్కడే బిగుసుకుపోతుంది. 'డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్' అనే మెసేజ్ అప్పుడే వస్తుంది. విండోస్‌లోనే ఉన్న, కమాండ్ టైప్ చేసి నడిపే రోబోకాపీ అనే కాపీ ప్రోగ్రామ్ అలాంటి ఫైల్‌ని వదిలేసి ముందుకు వెళ్లగలదు, కానీ ఒక మెలిక ఉంది. మనం ఏమీ చెప్పకపోతే ఒక్కో ఫైల్‌ని 30 సెకన్ల విరామంతో 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. అందుకని ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పే 'ఆర్' (/R) విలువ 1, ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే 'డబ్ల్యూ' (/W) విలువ 1 ఇచ్చి నడపాలి. పరిస్థితి ఇంకా తీవ్రంగా ఉంటే మేము లినక్స్‌లో (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ వాడతాం. అది బాగున్న భాగాలన్నీ ముందు వేరే డిస్క్‌లోకి లాగి, మొండికేసిన చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది.

అపోహ: "కాపీ నత్తనడక నడుస్తోందంటే డిస్క్ పోయినట్టే."

ముందు కేబుల్ చూడండి. పోర్టబుల్ హార్డ్ డిస్క్‌కి వెడల్పుగా, మధ్యలో నొక్కుతో ఉండే పిన్ ఉంటుంది. అది యూఎస్‌బీ 3.0ది. ఆ కేబుల్ పోయిందని పాత ఫోన్ చార్జర్ వైరు పెడితే, ఆ సాకెట్‌లో సగానికి సరిగ్గా కూర్చుంటుంది, పని కూడా చేస్తుంది, కానీ యూఎస్‌బీ 2.0 వేగంతోనే. టైప్-సి అయితే వేగం గ్యారంటీ అన్నదీ నిజం కాదు. ఫోన్లతో వచ్చే టైప్-సి కేబుళ్లలో చాలావాటికి 2.0 వేగమే ఉంటుంది.

లెక్క చూడండి. 2.0 కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, వాడకంలో దక్కేది 30 – 40 మెగాబైట్లు. 500 జీబీ రావాలంటే నాలుగు గంటలు పడుతుంది. అదే డిస్క్ సరైన కేబుల్‌తో, 3.0 పోర్టులో సెకనుకు 100 మెగాబైట్లు ఇచ్చినా గంటన్నరలోపు అయిపోతుంది.

కరెంటు సంగతి కూడా ఇక్కడే. 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, 3.0 పోర్టు ఇచ్చేది 900. నాసిరకం హబ్, పొడవాటి ఎక్స్‌టెన్షన్ మధ్యలో ఉంటే డిస్క్ తిరగబోయి ఆగి, మళ్లీ తిరగబోతుంది. టిక్ టిక్ శబ్దం వస్తుంది, డ్రైవ్ కనబడి మాయమవుతుంటుంది. మంచి కేబుల్‌తో నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టి ఒక్కసారి చూడండి. అప్పుడూ టిక్ టిక్ అంటుంటే అది చాలావరకు డిస్క్ లోపల డేటా చదివే హెడ్ సమస్య. వెంటనే తీసేయండి, మళ్లీ పెట్టొద్దు.

కేబుల్, పోర్టు రెండూ సరిగ్గా ఉన్నా వేగం కిలోబైట్లలోకి పడిపోతోందా? లోపల ఏముందో చూడండి. బస్తా వేరుశనక్కాయలు ఒక్కసారి భుజానికెత్తుకుని దించడం వేరు, ఒక్కో కాయా ఏరి పక్కన పెట్టడం వేరు. 4 జీబీ వీడియో ఒక్కటి గబగబా వస్తుంది. అదే 4 జీబీ వేల చిన్న ఫైళ్లుగా ఉంటే, ప్రతి ఫైల్‌కీ తెరవడం, పేరు రాయడం, మూయడం జరగాలి. ఇది రోగం కాదు, ఓపిక పట్టండి.

అపోహ: "కట్ చేసి పేస్ట్ చేస్తే రెండుసార్ల పని తప్పుతుంది."

వేరే డ్రైవ్‌లోకి కట్-పేస్ట్ అంటే కంప్యూటర్ లోపల చేసేది కాపీ, ఆపైన డిలీట్. మధ్యలో కేబుల్ కదిలితే కొన్ని అటు, కొన్ని ఇటు మిగులుతాయి. ఎప్పుడూ కాపీనే చేయండి. అయ్యాక రెండు చోట్లా ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజు పోల్చండి. నాలుగైదు ఫొటోలు, ఒకటి రెండు వీడియోల చివరి భాగం తెరిచి చూడండి.

అపోహ: "పర్మిషన్ లేదంటోంది, ఎవరో లాక్ చేశారు."

చాలావరకు ఎవరూ చేయలేదు. పాత కంప్యూటర్‌లోని యూజర్ పేరు మీద ఆ ఫోల్డర్ హక్కులు రాసి ఉన్నాయి, కొత్త ల్యాప్‌టాప్‌కి ఆ యూజర్ ఎవరో తెలియదు. అడ్మిన్ అకౌంట్‌లో 'కంటిన్యూ' నొక్కితే సాధారణంగా తెరుచుకుంటుంది, లేకపోతే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లో ఓనర్‌ని మార్చాలి. అయితే ఈ రెండు పద్ధతులూ ఆ డిస్క్ మీద రాయడమే. డిస్క్ మీద అనుమానం ఉంటే ఆ పని చేయకుండా, లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అంటే విండోస్‌కి బదులు పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో కంప్యూటర్‌ని ఆన్ చేసి కాపీ చేసుకోవచ్చు. అక్కడ సాధారణంగా ఈ హక్కులు అడ్డురావు.

విండోస్‌లో డ్రైవ్ మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్ మాత్రం నిజమైన తాళం. పాస్‌వర్డ్ గానీ 48 అంకెల రికవరీ కీ గానీ లేకుండా ఏ సర్వీసు సెంటరూ తెరవలేదు. తెరుస్తామని డబ్బులు అడిగితే ఇవ్వకండి. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉందేమో ముందు చూసుకోండి.

అపోహ: "ఫోల్డర్ ఖాళీ, షార్ట్‌కట్‌లే మిగిలాయి. డేటా పోయింది."

డ్రైవ్‌లో వాడిన జాగా అంతే చూపిస్తోందా? అయితే ఫైళ్లు ఉన్నాయి. జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్ల నుంచి అంటుకునే షార్ట్‌కట్ వైరస్ వాటిని దాచిపెడుతుంది. ఆ షార్ట్‌కట్‌ల మీద డబుల్ క్లిక్ చేయకండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టి, సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్ కూడా తీసేస్తే బయటపడతాయి.

అపోహ: "డెస్క్‌టాప్ మీద వేశాను, ఇక ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టే."

కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు చాలాసార్లు వన్‌డ్రైవ్‌కి (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వకి) కలిపి ఉంటాయి. అక్కడ 200 జీబీ ఫొటోలు వేస్తే అవి ఇంటర్నెట్‌లోకి ఎక్కడం మొదలవుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండిందని ఎర్ర గుర్తులు, మెసేజ్‌లు వస్తుంటే కాపీయే చెడిందని భయపడి తెస్తారు. సి డ్రైవ్‌లో గానీ డి డ్రైవ్‌లో గానీ నేరుగా ఒక ఫోల్డర్ పెట్టి, దానికి పొట్టి పేరు పెట్టి, అందులోకి కాపీ చేయండి. పొట్టి పేరు ఎందుకంటే, ఫోల్డర్‌లో ఫోల్డర్‌గా దారి 260 అక్షరాలు దాటితే విండోస్ కాపీ మొరాయిస్తుంది.

అపోహ: "ఫ్రిజ్‌లో పెడితే, ఎండలో ఆరబెడితే, పెట్టె విప్పితే పనిచేస్తుంది."

హార్డ్ డిస్క్‌లో హెడ్ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ చదువుతుంది. మన వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు. ఫ్రీజర్ నుంచి తీసిన డిస్క్ మీద పట్టే చెమ్మ, ఇంట్లో విప్పినప్పుడు పడే దుమ్ము, ఏదైనా ఆ సందులో కొండంత అడ్డమే. బయటి ప్లాస్టిక్ పెట్టె మాత్రం విప్పి డిస్క్‌ని నేరుగా కంప్యూటర్‌కి కలుపుదామన్నా, చాలా పోర్టబుల్ డ్రైవ్‌లలో యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డు మీదే ఉంటుంది. కొన్నింటిలో డేటాను ఆ బోర్డులోని చిప్పే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే రహస్య రూపంలోకి మారుస్తుంది, బోర్డు మారిస్తే చదవలేం.

నీళ్ల సంగతి మన ఊరికి చెప్పనక్కర్లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు ఎన్ని ఇళ్లలో ఆల్బమ్‌లు బురద అయిపోయాయో ఆనాటి వాళ్లకు తెలుసు. ఆ మిగిలిన ఫొటోలనే స్కాన్ చేసి డ్రైవ్‌లో దాచుకున్న కుటుంబాలు ఉన్నాయి. తడిసిన డిస్క్‌కి కరెంటు ఇవ్వకండి. ఎండలో పెట్టకండి, బియ్యంలోనూ పెట్టకండి. నీళ్లు ఆరితే అందులోని మట్టి, ఉప్పు పళ్లేనికి అంటుకుపోతాయి. తడితోనే గాలి చొరని కవర్‌లో పెట్టి క్లీన్ రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న రికవరీ ల్యాబ్‌కి త్వరగా చేర్చాలి. నాలాంటి సర్వీసు షాపులో అయ్యే పని కాదది.

ఎండల గురించీ చెప్పాలి. చాలా పోర్టబుల్ డ్రైవ్‌లకు కంపెనీలు చెప్పే గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల దాకే. మనకు ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది. పెద్ద కాపీ ఉంటే తెల్లవారుజామున మొదలుపెట్టండి, డ్రైవ్‌ని పరుపు మీద కాకుండా గట్టి బల్ల మీద పెట్టండి. విడిగా అడాప్టర్ ఉండే పెద్ద డ్రైవ్ అయితే ఇన్వర్టర్ లైన్‌కి కలపండి. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ ఆ డ్రైవ్ ఆగిపోతుంది.

అపోహ: "ఐదారు వందలకే 2 టీబీ దొరికింది."

2 టీబీ అని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పేలా మార్చిన చిన్న చిప్ అది. అసలు సామర్థ్యం నిండాక వేసే ఫైళ్ల పేర్లు కనబడతాయి, తెరిస్తే తెరుచుకోవు. వాటిని ఏ రికవరీతోనూ తీయలేం, ఎందుకంటే అవి అసలు ఎక్కలేదు. కొత్త డ్రైవ్‌లో ఏదైనా దాచేముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో నిండా రాయించి, చదివించి చూసుకోండి.

అపోహ: "బ్యాకప్ డ్రైవ్‌లో ఉంది కాబట్టి ఫోన్‌లోంచి తీసేయొచ్చు."

తీసేసిన నిమిషం నుంచి డ్రైవ్‌లో ఉన్నదే ఏకైక కాపీ. కనీసం రెండు వేరువేరు పరికరాల్లో ఉండాలి, ఇంకొకటి వేరే ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో ఉంటే మరీ మంచిది. కొత్త ల్యాప్‌టాప్‌లోకి అంతా వచ్చాక కూడా పాత డ్రైవ్‌ని తుడిచేయకండి.

ఇంతా చేసి రాకపోతే దగ్గర్లోని మంచి సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లండి. డ్రైవ్‌తో పాటు దాని కేబుల్, అడాప్టర్ కూడా తీసుకెళ్లండి. కింద పడిందా, తడిసిందా, ఏ మెసేజ్ వచ్చింది, మీరు ఏం నొక్కారు, ఏ సాఫ్ట్‌వేర్ నడిపారు అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. మెసేజ్‌ని ఫోన్‌తో ఫొటో తీసి చూపిస్తే ఇంకా మేలు. ఏ ఫోల్డర్ మీకు అన్నిటికంటే ముఖ్యమో కూడా చెప్పండి, మేము దాన్నే ముందు తీస్తాం.