‘బాగుంది’ తరవాతి వాక్యం

చిరంజీవులకు,

ఆశీస్సులు. మీలో కొందరు ఇప్పుడే ఓ లావుపాటి మాయాసాహస నవల ముగించి ఉంటారు. రాసింది పదిహేనో పదహారో ఏళ్ల పిల్లలని అట్ట వెనక చదివి ఆశ్చర్యపోయి, అభిప్రాయం రాద్దామని కూర్చుని ఉంటారు. ‘చాలా బాగుంది, అందరూ చదవండి’ అని రాశాక కలం ఆగిపోతుంది. ఇంకో వాక్యం తట్టదు. ఆ రెండో వాక్యం ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

1936లో లండన్‌లో ఒక ప్రచురణకర్త, తన దగ్గరికి వచ్చిన పిల్లల నవల టైపు ప్రతిని పదేళ్ల కొడుకు రేనర్ అన్విన్ చేతికిచ్చి, చదివి అభిప్రాయం రాయమన్నాడు. కూలి ఒక షిల్లింగు. ఆ కుర్రాడు రాసింది చిన్న పేరా. కథ నాలుగు ముక్కల్లో చెప్పాడు. పటాలు ఉంటే చాలు, బొమ్మలు అక్కర్లేదన్నాడు. అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు నచ్చుతుందన్నాడు. 1937 సెప్టెంబరు 21న ఆ పుస్తకం వెలువడింది. అదే టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’. మొదట వేసిన 1500 ప్రతులు ఆ డిసెంబరు కల్లా అయిపోయాయి.

ఆ పేరాలో నచ్చిందన్న మాటతో ఆగిపోలేదు చూశారా? ఎవరికి నచ్చుతుందో వయసుతో సహా ఉంది. పటం అనే ఒక భాగాన్ని పేరుపెట్టి పట్టుకోవడం ఉంది. ముగింపు కూడా చెప్పేశాడు. అచ్చు వేయాలా వద్దా అని తేల్చుకోవాల్సిన తండ్రికి రాశాడు కాబట్టి అది చెల్లింది. మీరు రాసేది ఇంకా పుస్తకం చదవనివాళ్ల కోసం. మీకు చెల్లదు. 300 పేజీల నవలైతే మొదటి నూరు పేజీల్లో జరిగేది చెప్పవచ్చు. ఆ తరవాతి మలుపులు చదివేవాళ్ల సొత్తు.

ఇక రచయిత వయసు సంగతి. 1818 జనవరి 1న ‘ఫ్రాంకెన్‌స్టైన్’ వచ్చినప్పుడు పుస్తకం మీద రచయిత పేరే లేదు. మేరీ షెల్లీ దాన్ని మొదలుపెట్టింది 18 ఏళ్ల వయసులోనని మొదటి పాఠకులకు తెలియదు. అందుకని వాళ్లు పుస్తకాన్ని పుస్తకంగానే తూచాల్సి వచ్చింది. మీరూ అలాగే తూచండి. ‘ఈ వయసులో ఇంత రాశారంటే గొప్పే’ అన్న వాక్యం పుస్తకం తెరవకుండానే రాయొచ్చు. రాసిన పిల్లలకు దాని వల్ల ఒరిగేదీ ఏమీ లేదు. ‘చిన్నపిల్లల రాత, ఇంతకంటే ఏం ఉంటుంది’ అన్నదీ అంతే. వయసు ఒక్కసారి చెప్పి వదిలేయండి.

చదివేటప్పుడు ఒక చీటీ పుస్తకంలోనే పెట్టుకోండి. పేజీ అంకె పక్కన ఒక గుర్తు వేస్తే చాలు. ఊపిరి బిగబట్టిన చోట ఆశ్చర్యార్థకం. అర్థం కాక వెనక పేజీలు తిరగేసిన చోట ప్రశ్నార్థకం. మనసు పక్కకు పోయిన చోట సున్నా. నమ్మబుద్ధి కాని చోట ఇంటూ. అంతకు మించి రాస్తే కథ తెగిపోతుంది. మొత్తానికి పదిహేను ఇరవై గుర్తులు వస్తే సరిపోతుంది. యాభై దాటాయంటే మీరు కథ చదవడం మానేసి తప్పులు ఏరుతున్నారని అర్థం. పుస్తకం అయ్యాక ఒక రాత్రి ఆగండి. మీది రాసే వరకు ఇంకొకరి అభిప్రాయం చూడకండి. చూశారంటే వాళ్ల మాటలే మీ కలంలోంచి వస్తాయి, అవి మీవేనని మీకూ అనిపిస్తుంది.

మర్నాడు ముందుగా సున్నాలు చూడండి. పది పేజీల్లో మూడు సున్నాలు పడితే జబ్బు అక్కడుంది. ఆ పేజీలు మళ్లీ చదివితే కారణం దొరుకుతుంది. ముసలి మంత్రగాడు నాయకుణ్ణి కూర్చోబెట్టి ఆ రాజ్యపు వెయ్యేళ్ల చరిత్ర అయిదు పేజీలు ఏకబిగిన చెబుతుండవచ్చు. అడవిలో మూడు రోజులు నడిచినా ఎవరి మనసులోనూ ఏమీ మారకపోవచ్చు. లేదా కత్తియుద్ధం జరుగుతున్నా ఎవరు మెట్ల మీద ఉన్నారో, ఎవరు కింద ఉన్నారో తెలియకపోవచ్చు. ‘బోర్ కొట్టింది’ అని రాసే బదులు వీటిలో ఏది జరిగిందో రాయండి. ప్రశ్నార్థకాలకు కారణం చాలాసార్లు పేర్లే. ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు నలుగురికి పెడితే పాఠకులు తికమకపడతారు. కొత్త ప్రపంచానికి కొత్త పేర్లు కనిపెట్టే ఉత్సాహంలో యువ రచయితలకు ఇది తరచూ జరుగుతుంది.

ఇంటూ గుర్తుల దగ్గరే ఎక్కువసేపు నిలబడాలి. మాయాలోకపు కథలో ఏదైనా జరగొచ్చు కదా, నమ్మకం మాటెందుకు అంటారేమో. ఏదైనా జరగొచ్చు అనుకుంటే భయం పోతుంది, భయం పోతే సాహసమూ పోతుంది. బాలనాగమ్మ కథ విన్నారు కదా. మాయల ఫకీరు ఎంతటివాడైనా వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. ఆ సంగతి మనకు ముందే తెలుస్తుంది. అందుకే బాలవర్ధిరాజు ఆ చిలకను పట్టేదాకా గుండె దడదడలాడుతుంది. చిలక మాట చివరి నిమిషంలో చెప్పి ఉంటే ‘ఓహో, అలాగా’ అనుకుని ఊరుకునేవాళ్లం. మీ నవలలోని మాయను మూడు ప్రశ్నలు అడగండి. దాని వల్ల కానిదేమిటి? వాడినవాళ్లకు దాని వల్ల పోయేదేమిటి? దాని గురించి మనకు ఏ పేజీలో చెప్పారు? దుష్టుణ్ణి 280వ పేజీలో చంపిన శక్తి పేరు 278లో మొదటిసారి కనిపిస్తే ఆ గెలుపు నాయకుడిది కాదు, రచయితది. ఈ రెండు అంకెలు మీ అభిప్రాయంలో వేశారంటే ఎవరూ కాదనలేరు.

నవల మొదట్లో పటం ఉంటే దాన్ని కూడా వాడుకోండి. కొలమానం ఇచ్చి ఉంటే దారి వెంట దారం పరిచి కొలవండి. మనిషి కాలినడకన రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్లు పోతాడు. గుర్రం మీద దూరప్రయాణమైతే నలభై యాభై. కొండదారిలో ఇంకా తగ్గుతుంది. మూడు వందల కిలోమీటర్ల కొండదారి రెండు రోజుల్లో దాటేశారంటే ఒక ఇంటూ. రెక్కల జంతువు ఉంటే ఆ లెక్క వర్తించదు. కానీ అది ఉండగా మొదటి నూరు పేజీలు ఎందుకు నడిచారో రచయిత చెప్పాలి.

చిన్న వయసు రచయితలు చూసినదానికంటే చదివింది ఎక్కువ. అందుకే వాళ్ల గుర్రాలకు మేత అక్కర్లేదు, లోతైన గాయం మూడో రోజుకు మానిపోతుంది, రాజులూ మంత్రులూ కూడా బడిపిల్లల్లాగే అలుగుతారు. అయితే స్నేహితుడు మాట తప్పడం, నలుగురిలో అవమానం, మొదటిసారి ఇల్లు వదలడం లాంటివి వాళ్లకు నిన్నమొన్నటి సంగతులు. అక్కడ వాళ్ల వాక్యం పెద్ద రచయితలకు కూడా దొరకనంత పదునుగా ఉంటుంది. మీ ఆశ్చర్యార్థకాల్లో అలాంటి చోటు ఒక్కటైనా ఉందేమో తప్పకుండా వెతకండి. ఉంటే దాని గురించే ఎక్కువ రాయండి. తప్పులు పట్టేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ చోటును చూసేవాళ్లు తక్కువ.

‘ఇది ఫలానా కథలాగే ఉంది’ అన్నమాట చాలా జాగ్రత్తగా అనాలి. క్రిస్టఫర్ పావోలీనీ పదిహేనేళ్ల వయసులో మొదలుపెట్టిన ‘ఎరగాన్’ను 2002లో ఇంట్లోవాళ్లే అచ్చు వేశారు. 2003లో పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుంది. డ్రాగన్‌కూ కుర్రాడికీ మధ్య బంధం, కథ పరుగు నచ్చాయని ఎందరో అన్నారు. ఇదంతా పాత కథల్లో చూసిందే అని ఇంకెందరో అన్నారు. రెండు మాటలూ ఒకే పుస్తకం విషయంలో నిజం కావచ్చు. తల్లిదండ్రులు లేని కుర్రాడు, మంత్రాల కత్తి, దారి చూపే ముసలాయన, జోస్యం ఇవి ఎవరి సొంతమూ కావు, అందరి ఉమ్మడి ఆస్తి. అవి కనిపించాయని ‘కాపీ’ అనకండి. సంఘటనలు అదే వరసలో, అదే మలుపుతో, అదే కారణంతో వస్తే అప్పుడు అనండి. అలా అన్నప్పుడు కూడా ఏ మూడు సంఘటనలో చెప్పండి. వాడుకున్న పాత వస్తువుకు ఈ రచయిత కొత్తగా చేసింది ఏమైనా ఉంటే అదీ చెప్పాలి.

ఇప్పుడు ఒక మచ్చు. మనం ఊహించుకున్న నవల మీద మొదట రాసింది ఇది: ‘కథ సూపర్. ఫైట్లు బాగున్నాయి. మధ్యలో కొంచెం స్లో. ముగింపు నచ్చలేదు.’ నాలుగూ నిజమే కావచ్చు, కానీ ఏ నవలకైనా అతుకుతాయి. చీటీ దగ్గర పెట్టుకుని రాస్తే ఇలా వస్తుంది: ‘వంతెన మీద పోరాటం (62వ పేజీ) కళ్ల ముందే జరిగినట్టుంది, ఎందుకంటే తెగిపోతున్న తాడు ఎవరి వైపుందో ముందే చెప్పారు. 110 నుంచి 125 వరకు గురువు చెప్పే చరిత్ర కథను ఆపేసింది, అందులో తరవాత పనికొచ్చింది ఒక్క శాపం సంగతే. చివర్లో నాయిక వాడిన శక్తి గురించి అంతకుముందు ఎక్కడా లేదు, అందుకే గెలిచినా నాకు సంతోషం కలగలేదు. చెల్లెలితో గొడవపడి ఇల్లు వదిలే ఘట్టం మాత్రం రెండుసార్లు చదివాను. పదేళ్లు దాటినవాళ్లకు ఇవ్వొచ్చు, రక్తపాతం కొంచెం ఉంది.’ ఇంతే. దీనికి ముందు కథ గురించి నాలుగు వాక్యాలు చేర్చితే నూటయాభై మాటల్లోపే అవుతుంది. సాధారణంగా పిల్లల అభిప్రాయాలు చెడేది ఇక్కడే. కథ చెప్పడానికే పేజీ అంతా అయిపోతుంది, అభిప్రాయానికి చివరి వాక్యం మిగులుతుంది.

అచ్చుతప్పులుంటే ఒక వాక్యంలో చెప్పండి, కథకు మార్కులు తగ్గించకండి. అచ్చుకు ముందు సరిచూసే మనిషి చేయాల్సిన పని అది. నక్షత్రాలు వేయాల్సి వస్తే మాటలన్నీ రాశాకే వేయండి. ముందే వేస్తే ఆ అంకెను సమర్థించడానికి మాటలు వెతుక్కుంటారు. రచయిత మీకు తెలిసినవాళ్లయినా, పుస్తకం ఉచితంగా వచ్చినా ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. సగంలో మానేశారా? తప్పేం లేదు, ఏ పేజీలో మానేశారో రాయండి. ‘రచయితకు రాయడం రాదు’ అనకండి. మీరు చదివింది ఒక్క పుస్తకం, మనిషిని కాదు.

చివర తేదీ వేయండి. రెండేళ్ల తరవాత అదే నవల మళ్లీ చదివితే సున్నాలు కొన్ని ఆశ్చర్యార్థకాలవుతాయి, ఆశ్చర్యార్థకాలు కొన్ని ఇంటూలవుతాయి. అప్పుడు పాతదాన్ని కొట్టేయకుండా, కొత్త తేదీ వేసి దాని కిందే రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య