క్లింగాన్ ‘మఖ్’: మేమా, మనమా?

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ ‘స్టార్ ట్రెక్’ కథల్లోని గ్రహాంతర క్లింగాన్ జాతి కోసం భాషాశాస్త్రవేత్త మార్క్ ఓక్రాండ్ తీర్చిదిద్దిన భాష 1984 నాటి మూడో సినిమాలో వినిపించింది. దాని నిఘంటువు 1985లో వెలువడింది. అందులో ఉత్తమ పురుష బహువచన సర్వనామం ‘మఖ్’. చివరి హల్లును గొంతు గీరుకున్నట్టుగా పలకాలి. ఆంగ్లంలో దాని అర్థం ఒక్క మాటతో తేలిపోతుంది గాని, తెలుగు చేయబోతే అక్కడే ఆగిపోతాం: ఎదుటివారిని కలుపుకొన్న ‘మనం’ అనాలా, బయట ఉంచిన ‘మేము’ అనాలా?

క్లింగాన్ వ్యాకరణం ఆ తేడాను పాటించదు. ‘త్లిఙన్ మఖ్!’ (‘త్లిఙన్’ అంటే క్లింగాన్) అన్న ప్రసిద్ధ వాక్యాన్ని యోధుడు శత్రువు ముఖాన అంటే ‘మేము’, తనవారి సభలో అంటే ‘మనం’, సందర్భమే నిర్ణయిస్తుంది. ఇందులో క్రియాపదం లేదు, నామం పక్కన నిలిచిన సర్వనామమే ఆ పని చేస్తుంది. మనకిది కొత్త కాదు. ‘తెలుగువాళ్లం’ అన్నప్పుడు మనమూ క్రియ లేకుండానే, నామం చివరి ‘అం’తోనే వాక్యం పూర్తిచేస్తాం, పైగా అందులో మేమో మనమో తెలియదు. కాబట్టి ఆ నినాదానికి నా దృష్టిలో అతి దగ్గరి అనువాదం ‘క్లింగాన్లం!’ అన్న ఒక్క మాటే.

క్రియ ఉన్న వాక్యాల్లో ‘మఖ్’ తరచు కనిపించదు, ఎందుకంటే క్రియకు ముందు చేరే ఉపసర్గే కర్తనూ కర్మనూ కలిపి చెబుతుంది. సర్వనామాన్ని వేరుగా పలికితే అది నొక్కి చెప్పడానికో, స్పష్టత కోసమో. ‘లెఘ్’ అంటే చూడటం. ‘విలెఘ్’ అంటే ‘దాన్ని చూస్తాం’, ఇక్కడ సందేహం అలాగే ఉంటుంది. ‘పిలెఘ్’ అంటే ‘నిన్ను చూస్తాం’. వినేవాడే కర్మ అయ్యాడు గనుక ఇక్కడ ‘మేము’ తప్ప మరో అర్థం కుదరదు.

షష్ఠీ రూపాల్లో మాత్రం ఈ భాష వేరే గీత గీస్తుంది. మా, మన అన్న భేదం లేదు గాని, సొంతమైనది మాట్లాడగలదా లేదా అన్నది చూస్తుంది. నౌక అయితే ‘డుజ్‌మజ్’. మిత్రుడైతే ‘జుప్‌మ’, చివర గొంతు టక్కున బిగబట్టి ఆపాలి. మిత్రుణ్ని ‘జుప్‌మజ్’ అంటే వ్యాకరణం చెడదు, మనిషి పరువు పోతుంది. ఇంటికొచ్చిన బంధువులను వారి ఎదుటే ‘చుట్టాలు వచ్చాయి’ అన్నట్టుంటుంది.