మళ్లీ ఛార్జి అయ్యే జింక్ బ్యాటరీలు: అపోహలు - వాస్తవాలు

సోలార్ కరెంటును నిల్వ చేసుకోవడానికి లిథియం బదులు జింక్ వాడొచ్చన్న మాట ఈమధ్య గట్టిగానే వినిపిస్తోంది. అమెరికాలో ఇయాస్ ఎనర్జీ జింక్-బ్రోమైడ్ బ్యాటరీలు చేస్తోంది. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ ల్యాబ్‌లో పుట్టిన అర్బన్ ఎలక్ట్రిక్ పవర్ జింక్-మాంగనీస్ వైపు, ఆరెగాన్‌లోని జింక్‌ఫైవ్ నికెల్-జింక్ వైపు వెళ్లాయి. వీటి గురించి మాట్లాడేవాళ్లలో కొందరు ‘టార్చిలైటు సెల్లేగా’ అని తీసిపారేస్తారు. ఇంకొందరు ‘నీళ్లూ జింకే కదా, పేలదు, పైగా చవక’ అని నెత్తిన పెట్టుకుంటారు. రెండు మాటల్లోనూ సగమే నిజం ఉంది.

అపోహ: జింక్ సెల్ ఒకసారి వాడి పారేసేదే.

వాస్తవం: మళ్లీ ఛార్జి కావడానికి జింక్‌కు అభ్యంతరమేమీ లేదు. డిస్చార్జిలో కరుగుతుంది, ఛార్జిలో తిరిగి ప్లేటు మీద పేరుకుంటుంది. ఐర్లండ్‌లో జేమ్స్ డ్రమ్ తయారుచేసిన నికెల్-జింక్ బ్యాటరీలతో 1932 నుంచి 1949 వరకు డబ్లిన్-బ్రే మార్గంలో రైళ్లే నడిచాయి. హైదరాబాద్ కంపెనీ హెచ్‌బీఎల్ టార్పెడోల కోసం సిల్వర్-జింక్ బ్యాటరీలు చేస్తుంది.

మామూలు జింక్-కార్బన్ టార్చి సెల్‌లో చిక్కు వేరు. అందులో జింక్ డబ్బాయే ఎలక్ట్రోడు. వాడేకొద్దీ డబ్బాకే చిల్లు పడుతుంది. ఆల్కలైన్ సెల్‌లో అడ్డం తిరిగేది పాజిటివ్ వైపున్న మాంగనీస్ డయాక్సైడ్. గ్రాముకు 308 మిల్లీఆంపియర్-అవర్ల దాకా, అంటే ఒక్కో మాంగనీస్ పరమాణువుకు ఒక ఎలక్ట్రాన్ వరకు, అది కొంత సహకరిస్తుంది. అది దాటితే కరెంటును సరిగా మోయని మాంగనీస్ ఆక్సైడుగా మారుతుంది. జింక్ వైపు నుంచి కరిగి వచ్చిన జింకేట్‌తో కలిస్తే హెటరోలైట్ అనే సమ్మేళనం ఏర్పడుతుంది. అది ఛార్జి పెట్టినా వెనక్కి రాదు.

న్యూయార్క్ బృందం ముందుగా పట్టుకున్న దారి ఆ గీత దాటకుండా పైపైన వాడుకోవడం. 2015లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం సామర్థ్యంలో 10 శాతమే వాడితే 3000 సైకిళ్లు (ఒకసారి ఛార్జి, డిస్చార్జి కలిపి ఒక సైకిల్) దాటాయి, 20 శాతం వాడితే 500 వచ్చాయి. దీనికి మూల్యం బరువు రూపంలో చెల్లించాలి. సెల్ సగటున 1.3 వోల్టులిస్తే, ఆ మొదటి ఎలక్ట్రాన్ మొత్తం వాడుకోగలిగినప్పుడు ఒక యూనిట్ నిల్వకు 2.5 కిలోల మాంగనీస్ డయాక్సైడ్ చాలు. 20 శాతమే వాడితే 12.5 కిలోలు పోయాలి. బిస్మత్, రాగి కలిపి రెండో ఎలక్ట్రాన్‌ను కూడా తిరిగి రాబట్టే పద్ధతిని 2017లో చూపించారు. ల్యాబ్ సెల్‌కూ కంటెయినర్ నిండా పేర్చిన బ్యాటరీకీ మధ్య దూరం మాత్రం తక్కువేమీ కాదు.

అన్నట్టు, షాపులో కొన్న మామూలు ఆల్కలైన్ సెల్‌ను నికెల్ సెల్స్ ఛార్జర్‌లో పెట్టకండి. లోపల గ్యాసు పుట్టి సీలు తెగుతుంది, క్షారం బయటికి వస్తుంది.

అపోహ: జింక్ బ్యాటరీలన్నీ ఒకటే.

వాస్తవం: కామన్‌గా ఉన్నది ఒక్క నెగెటివ్ ప్లేటే. నికెల్-జింక్ సెల్ 1.65 వోల్టులు. తక్కువ సేపట్లో ఎక్కువ కరెంటు ఇస్తుంది కాబట్టి డేటా సెంటర్ యూపీఎస్‌లకు పనికొస్తుంది. జింక్-బ్రోమిన్ సుమారు 1.8 వోల్టులు, నాలుగైదు గంటలు నెమ్మదిగా ఇచ్చే పనికి సరిపోతుంది. జింక్-ఎయిర్ డిస్చార్జిలో 1.2 వోల్టుల దగ్గర ఇస్తుంది, ఛార్జికి 2 వోల్టుల దాకా అడుగుతుంది. ఆ తేడా అంతా వేడిగా పోతుంది. పైగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ క్షారంతో కలిసి కార్బొనేట్‌గా మారి గాలి రంధ్రాలను పూడ్చేస్తుంది. అందుకని ఒకదాని బ్రోచర్ చూసి ఇంకోదాని గురించి మాట్లాడకూడదు.

అపోహ: డెండ్రైట్ల సమస్య తీరితే జింక్‌కు తిరుగులేదు.

వాస్తవం: డెండ్రైట్లు, అంటే ఛార్జిలో జింక్ ముళ్లలా పెరిగి ప్లేట్ల మధ్య అడ్డుగా ఉండే సెపరేటర్‌ను పొడిచి షార్ట్ చేయడం, అందరికీ తెలిసిన జబ్బు. దానికంటే నిదానంగా, గుట్టుగా చంపేవి మూడున్నాయి.

చచ్చిపోయిన క్షార సెల్‌ను విప్పి జింక్ ప్లేటును వెలుతురుకు పట్టి చూడండి. అంచులు అరిగిపోయి కింది రాగి మెష్ బయటపడి ఉంటుంది. మధ్యలో మాత్రం జింక్ దిబ్బగట్టి ఉంటుంది. మొదటిది ఇదే, దీన్ని షేప్ చేంజ్ అంటారు. జింక్ క్షారంలో బాగా కరుగుతుంది. కరిగినది ఎక్కడ లేచిందో అక్కడికే తిరిగి రాదు, సైకిల్ సైకిల్‌కీ కొద్దికొద్దిగా మధ్యకు జరుగుతుంది. పనిచేసే ప్లేటు వైశాల్యం తగ్గేకొద్దీ మిగిలిన చోట కరెంటు సాంద్రత పెరుగుతుంది, డెండ్రైట్లు వచ్చేది అప్పుడే. చాలాసార్లు షార్ట్ అన్నది చివర కనిపించే లక్షణం, రోగం అంతకు ముందే మొదలై ఉంటుంది.

మందేమిటంటే జింక్‌ను కరగనీయకపోవడమే. ప్లేటు మిశ్రమంలో కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపితే కరిగిన జింకేట్‌ను అక్కడికక్కడే కాల్షియం జింకేట్‌గా పట్టి ఉంచుతుంది. ఎలక్ట్రోలైట్‌ను, అంటే సెల్‌లోని ద్రావణాన్ని, ముందే జింక్ ఆక్సైడ్‌తో సంతృప్తం చేయడం, పొటాషియం హైడ్రాక్సైడ్ గాఢత తగ్గించి ఫ్లోరైడ్ చేర్చడం కూడా చేస్తారు. అమెరికా నౌకాదళ పరిశోధనశాల జింక్‌ను పొడిగా కాకుండా స్పాంజిలా పోసి కరెంటు సమంగా పారేలా చేసింది.

రెండోది పాసివేషన్. ఎక్కువ కరెంటు లాగితే జింక్ మీద ఆక్సైడు పొర గట్టిగా కప్పుకుంటుంది, లోపల జింక్ ఉన్నా అందదు. మూడోది తుప్పు. జింక్ నీటితో తనంతట తానే కలిసి హైడ్రోజన్ వదులుతుంది. ఇనుము, యాంటిమొని, జెర్మేనియం లాంటివి మిలియన్‌కు కొన్ని పాళ్లున్నా దీన్ని ఎగదోస్తాయి. బ్యాటరీ పొడికి 99.995 శాతం శుద్ధమైన జింక్ అడిగేది అందుకే. ఒకప్పుడు పాదరసం కలిపి దీన్ని అణిచేవారు, ఇప్పుడు ఇండియం, బిస్మత్ కలుపుతున్నారు. పొడి కలిపే పాత్ర తుప్పుపట్టిన ఇనుముదైతే ఎంత ఖరీదైన జింక్ తెచ్చినా వృథా.

అపోహ: నీటి ఆధారిత ఎలక్ట్రోలైట్ కాబట్టి ప్రమాదమే లేదు.

వాస్తవం: ఎలక్ట్రోలైట్ అంటుకోదు, లిథియం సెల్స్‌లా ఒకదాని నుంచి ఒకటి రగులుకోవు. ఈ మాట నిజమే. గ్యాసు సంగతి వేరు. ఓవర్‌ఛార్జి అయ్యేటప్పుడు కరెంటంతా గ్యాసుగానే పోతే, ఒక్కో సెల్ ప్రతి ఆంపియర్-అవర్‌కు సుమారు 0.42 లీటర్ల హైడ్రోజన్ వదులుతుంది. 24 సెల్స్ వరుసను 10 ఆంపియర్లతో గంట ఓవర్‌ఛార్జి చేస్తే 100 లీటర్లు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే అంటుకుంటుంది, అందుకే 1 శాతం దాటకుండా డిజైన్ చేస్తారు. ఈ లెక్కకు గంటకు 10 ఘనపు మీటర్ల గాలి మారాలి. హైడ్రోజన్ పైకి పోతుంది కాబట్టి రంధ్రం సీలింగు దగ్గరుండాలి. జింక్-బ్రోమిన్ గదిలో దీనికి తోడు నేల దగ్గర కూడా ఉండాలి, ఎందుకంటే బ్రోమిన్ ఆవిరి గాలికంటే బరువు. పనిచేసేచోట దానికి అమెరికాలో చట్టం పెట్టిన పరిమితి 0.1 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 0.1 పాలు).

క్షారం ఉన్నవాటిలో పొటాషియం హైడ్రాక్సైడ్ సాధారణంగా 25 నుంచి 40 శాతం ఉంటుంది. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూనే ఉండాలి, ఆ తర్వాత వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నిమ్మరసం, వెనిగర్ లాంటివి కంటి దగ్గరికి కూడా రానివ్వకూడదు. టెర్మినల్ చుట్టూ తెల్లగా పొడి కనిపిస్తే సీలు దగ్గర క్షారం పాకుతోందని అర్థం. గాలి తగిలి అది కార్బొనేట్ అయింది. తుడిచేసి ఊరుకుంటే మళ్లీ వస్తుంది.

అపోహ: జింక్ చవక, అందుకే బ్యాటరీ చవక.

వాస్తవం: సిద్ధాంతపరంగా జింక్ గ్రాముకు 820 మిల్లీఆంపియర్-అవర్లు. 1.5 వోల్టుల దగ్గర లెక్కేస్తే యూనిట్‌కు 0.8 కిలో చాలు. పైన చెప్పిన జబ్బుల వల్ల అందులో నాలుగో వంతే వాడతారు అనుకుంటే 3.2 కిలోలు అవుతుంది. కిలో 300 రూపాయలనుకున్నా వెయ్యి రూపాయలకు కాస్త అటూఇటూ. అసలు ఖర్చు సెపరేటర్లు, కరెంటు కలెక్టర్లు, డబ్బాలు, పంపులు, ఇన్వర్టర్, అన్నిటినీ మించి ఫ్యాక్టరీ ఎంత పెద్దదన్న దగ్గర ఉంటుంది. విజయనగరం జిల్లా గరివిడి ప్రాంతంలో మాంగనీస్ ఖనిజం ఉంది కదా అనే మాటా ఇలాంటిదే. బ్యాటరీకి కావలసింది ఖనిజం కాదు, దాన్ని ఆమ్లంలో కరిగించి విద్యుద్విశ్లేషణతో తీసిన డయాక్సైడ్.

జింక్ కంపెనీలకు అసలు పోటీ చైనా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ధర. మొత్తమ్మీద అది పడిపోతూ వచ్చింది. జింక్-బ్రోమిన్ ఫ్లో బ్యాటరీలు (ద్రావణాన్ని పంపుతో తిప్పే రకం) అమ్మిన ఆస్ట్రేలియా కంపెనీ రెడ్‌ఫ్లో 2024 ఆగస్టులో అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా తరహా ప్రక్రియలోకి, వెళ్లింది. అదే ఏడాది డిసెంబరులో ఇయాస్‌కు అమెరికా ఇంధన శాఖ 30 కోట్ల డాలర్లకు పైగా రుణ హామీ ఖరారు చేసింది. సొంత కాళ్ల మీద నిలబడాలంటే ఈ రంగానికి ఇంకా అలాంటి ఊతం కావాలి.

అపోహ: బ్రోచర్‌లో 5000 సైకిళ్లు అంటే 5000 సైకిళ్లే.

వాస్తవం: ఎంత లోతు డిస్చార్జికి, ఎన్ని గంటల రేటుకు, ఎన్ని డిగ్రీల దగ్గర, సామర్థ్యం ఎంత శాతానికి పడేదాకా? ఈ నాలుగూ లేని సైకిళ్ల లెక్కకు విలువ లేదు. వీటితోపాటు పెట్టిన కరెంటులో తిరిగి ఎంత వస్తుందో అడగండి. రోజుకు 10 యూనిట్లు తీసుకోవాలంటే 90 శాతం ఇచ్చే బ్యాటరీకి 11.1 యూనిట్లు పెట్టాలి, 70 శాతం ఇచ్చేదానికి 14.3. కిలోవాట్ ప్యానెల్ రోజుకు 4 యూనిట్లిస్తుందనుకుంటే, ఆ తేడాకు 0.8 కిలోవాట్ ప్యానెల్స్ అదనంగా కొనాలి.

అపోహ: పూర్తిగా ఖాళీ చేస్తే ఏ బ్యాటరీ అయినా చెడుతుంది.

వాస్తవం: లెడ్-యాసిడ్ అలవాటుతో వచ్చిన భయం. జింక్-బ్రోమిన్ ఫ్లో బ్యాటరీని కొన్ని రోజులకోసారి కావాలనే సున్నాకు దించుతారు, ప్లేటు మీద మిగిలిన జింక్ అంతా కరిగి మళ్లీ సమంగా మొదలయ్యేందుకు. మాంగనీస్ దానికి మాత్రం అలా చేస్తే పైన చెప్పిన గతే.

అపోహ: ట్యూబులర్ (లెడ్-యాసిడ్) బ్యాటరీ తీసేసి అదే ఇన్వర్టర్‌కు జింక్ బ్యాటరీ తగిలించొచ్చు.

వాస్తవం: నికెల్-జింక్ సెల్‌కు ఛార్జింగ్ హద్దు 1.9 వోల్టులు. 12 వోల్టుల ఇన్వర్టర్ బూస్ట్‌లో, అంటే బ్యాటరీని నింపేటప్పుడు, సుమారు 14.4 ఇస్తుంది. 7 సెల్స్ పెడితే ఒక్కోదానికి 2.06 పడుతుంది, గ్యాసు వదిలి ఎండిపోతాయి. 8 పెడితే 1.8 దగ్గరే ఆగిపోతుంది, ఎప్పటికీ నిండవు. పైగా బూస్ట్ అయ్యాక ఇన్వర్టర్ 13.7 వోల్టుల ఫ్లోట్‌లో రోజంతా పట్టి ఉంచుతుంది, నికెల్-జింక్‌కు అది పడదు. సెల్‌కు వోల్టేజి హద్దు, కట్ అయ్యే కరెంటు, ఫ్లోట్ ఆపే సౌకర్యం సెట్ చేసుకోగల ఛార్జర్ లేకుండా కనెక్షన్ ఇవ్వకండి.