పాత అల్యూమినియం పడవ: అపోహలు - వాస్తవాలు

మేముండే అమెరికాలోని మిన్నెసోటాలో చాలా గరాజుల వెనక ఒక 14 అడుగుల అల్యూమినియం చేపల పడవ బోర్లించి ఉంటుంది. లండ్, అల్యూమాక్రాఫ్ట్ పడవలు పుట్టింది ఈ రాష్ట్రంలోనే మరి. అలాంటివి బాగుచేసి మళ్లీ లేక్‌లోకి దింపడం నా పని. వచ్చినవాళ్లు చెప్పే మాటలు మాత్రం ఏళ్లుగా అవే.

అపోహ: అల్యూమినియం తుప్పు పట్టదు, ఢోకా లేదు.

ఇనుములా ఎర్రగా పట్టదు, నిజమే. కానీ తడిలో రాగి పక్కన ఉంటే తెల్లగా పొడి రాలుతూ తొలుచుకుపోతుంది. ఇంజన్ బిగించే వెనక చెక్క, అదే ట్రాన్సమ్, కుళ్లిందని చాలామంది "ట్రీటెడ్" చెక్క, అంటే కుళ్లకుండా మందు పట్టించిన చెక్క, తెచ్చి వేస్తారు. ఆ మందులో ఉండేది ఎక్కువగా రాగే. 2004లో ఇళ్లకు వాడే చెక్కలో ఆర్సెనిక్ మందు ఆపేశాక రాగి వాటా ఇంకా పెరిగింది. పోయిన వేసవిలో అలాంటిదొకటి విప్పాను. చెక్క చెక్కుచెదరలేదు; దాని వెనక రేకుకే పెసరగింజంత చిల్లులు! మెరైన్ ప్లైవుడ్ రెండు పొరలు అంటించి, అంచులకీ బోల్టు రంధ్రాల లోపలికీ ఎపాక్సీ, అంటే గట్టిపడి నీళ్లు చొరనివ్వని జిగురు, పట్టించండి.

అపోహ: నీళ్లు కారితే వెల్డింగ్ చేయిస్తే సరి.

రివెట్ల పడవకి, అంటే రేకుల్ని కొట్టి బిగించిన లోహపు మేకులతో కలిపిన పడవకి, వెల్డింగ్ అంటే నాకు భయం. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, పైన ఆక్సైడ్ పొర కరగాలంటే 2,000 దాటాలి. ఎర్రబడదు కూడా, చూస్తుండగానే జారిపోతుంది. ఆ వేడికి పక్క రివెట్లూ వదులవుతాయి. ముందు కారేదెక్కడో పట్టుకోండి. పడవని గట్టి స్టాండ్ల మీద నిలిపి, లోపల నాలుగంగుళాలు నీళ్లు పోసి, కింద చెమర్చిన ప్రతి రివెట్ చుట్టూ మార్కర్‌తో సున్నా చుట్టండి. నీళ్లు తోడేశాక ఒకరు లోపల ఇనప దిమ్మ ఆనించాలి, ఇంకొకరు బయట సుత్తితో కొట్టాలి. మా ఇంట్లో దిమ్మ పట్టేది మా ఆవిడ, చెవులు మూసుకునే వీల్లేక నన్ను తిడుతూ. రంధ్రమే పెద్దదైపోతే ఒక సైజు పెద్ద రివెట్ వేయాల్సిందే.

సిలికాన్ పూస్తే చాలదా? చాలదు. అది ఊడొస్తుంది, ఆ చోట తర్వాత ఇంకేదీ అంటదు.

అపోహ: పడవ లోపలి నేల కింద ఫోమ్ దండగ బరువు.

నీళ్లు తాగిన ఫోమ్ బరువే; ఘనపు అడుగు నీళ్లు 28 కిలోలు. పీకేయండి, కానీ ఖాళీగా వదలొద్దు, కొత్త ఫోమ్ పెట్టండి. పడవ నిండినా తేల్చేది అదే.

రంగు సంగతికొస్తే, సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్ (రేకుని కాస్త కొరికి పట్టుకునే మొదటి పూత) లేకుండా ఒట్టి రేకు మీద వేస్తే త్వరలోనే పెచ్చులు లేస్తాయి. అడుగుకి రాగి కలిసిన పెయింటు మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా వద్దనండి.